మా వీధి రంగు బయటపడిన రోజు

మా హైదరాబాదు కాలనీలో వానాకాలం లెక్కల మాస్టారి బాత్రూములో మొదలవుతుంది. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోగా వీధి ఎత్తయి, ఆయన అద్దెకుంటున్న కింది వాటా పల్లమయి, మ్యాన్‌హోల్ మూత ఆయన గడప కంటె జానెడు పైకి చేరింది. అందువల్ల మురుగు లైను నిండినప్పుడు నీరు వీధిలోకి పొంగడానికి ముందే దగ్గరి దారి చూసుకొని మాస్టారి బాత్రూము జాలీలోంచి గుడగుడమంటూ పైకి వస్తుంది. ఆయన జాలీ మీద రాయి పెట్టారు, రాయి మీద ఇసుక సంచి పెట్టారు. నీరు మారు మాట్లాడకుండా కమోడు గుండా వచ్చింది.

ఈసారి ఆ ముహూర్తం మాస్టారి అమ్మాయి పెళ్లిచూపులతో కలిసి వచ్చింది. మగపెళ్లివారు బజ్జీల పళ్లెం అందుకుంటున్న సమయానికి బయట కుండపోత మొదలయింది. మొదటి బజ్జీ ముగిసేలోగా బాత్రూము తలుపు కింది నుంచి బూడిదరంగు నీరు, దాని మీద సబ్బు నురగ, నురగ మీద ఎవరింటిదో ఒక కరివేపాకు రెబ్బ హాలులోకి విచ్చేశాయి. గడప దగ్గర విడిచిన చెప్పులు జంటలు విడిపోయి సోఫా దిక్కుగా సాగుతుండగా, పెళ్లికొడుకు తల్లిగారు కాళ్లు పైకి తీసుకొని, "శుభమా అని వస్తే ఇదేమిటండీ వదినగారూ" అన్నారు.

తండ్రిగారి తీరు వేరు. ఆయన విశ్రాంత ఇంజనీరు, అందులోనూ ఉద్యోగమంతా మురుగు లైన్ల మీదే గడిపినవారు. అమ్మాయిని పాట పాడమనడానికి బదులు ఆయన, "మాస్టారూ, మీ వీధిలో డాబాల మీది నీళ్లు ఎటు పోతాయి?" అని అడిగారు. మురుగు లైను వేరు, వరద కాలువ వేరు అనీ, మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు అందితే అందులో 80 శాతం మురుగై తిరిగి వస్తుందన్న లెక్కతో, ఉదయపు రద్దీకి కొంత జాగా కలిపి ఆ గొట్టం సైజు నిర్ణయిస్తారనీ, అందులోకి వాన నీటిని వదలడం మొదటి తప్పనీ ఆయన బజ్జీ చల్లారేదాకా వివరించారు. లెక్క కనబడితే మాస్టారు ఆగలేరు. 200 గజాల డాబా మీద 5 సెంటీమీటర్ల వాన పడితే సుమారు 8,360 లీటర్లని, అది 77 మంది రోజంతా వదిలే మురుగుతో సమానమని తేల్చి, ముంచిన నీటిలోనే నిలబడి సంతోషించారు.

మర్నాడు కాలనీ సంఘం సమావేశంలో అందరూ అమాయకులే. 1908 మూసీ వరద తరువాత నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి నగరపు మురుగు పారుదలకు పథకం వేయించింది కనుక లోపం పాత లైనుదేనని అధ్యక్షులవారు సెలవిచ్చారు; ఆ కాలంలో మా కాలనీ జొన్నచేను అన్న సంగతి వారికి అడ్డురాలేదు. ఇంకుడు గుంత ప్రతి ఇంటి ప్లానులోనూ ఉన్నది. నేల మీద మాత్రం దాని స్థానంలో కారు ఉన్నది. అయినా అందరి వేళ్లూ, ఎవరితోనూ పొసగని మూలమీది ఇంటాయన వైపే తిరిగాయి.

ఇంజనీరుగారు చెప్పి వెళ్లిన ఉపాయం రంగునీళ్లు. ఒక్కొక్క డాబా మీద ఒక్కొక్క రంగు కలిపిన నీరు పోసి, అది మ్యాన్‌హోల్‌లో తేలుతుందో లేదో చూస్తే చాలు. హోలీకి మిగిలిన పొట్లాలు పోగయ్యాయి. మ్యాన్‌హోల్ మూత మనంతట మనం తీయడం నేరం కనుక లైన్‌మన్‌ను పిలిపించాము. అతడు గునపంతో మూత జరిపి, లోపలి గాలి పోయేదాకా అందరినీ దూరంగా నిలబెట్టి, తరువాత టార్చి వేశాడు. కోశాధికారిగారి గులాబీ రంగు మొదట వచ్చింది. "పైపులో తుప్పు అయి ఉంటుంది" అన్నారాయన. వెనుకనే అధ్యక్షులవారి ఆకుపచ్చ దర్జాగా దిగింది. తరువాత పసుపు, నీలం, రెండిళ్లకు సర్దిన నారింజ ఒకదాని మీద ఒకటి పడి, చివరికి లోపల పారుతున్నది ఏ రంగో చెప్పలేనట్లయింది. మేస్త్రీ చవకగా అవుతుందని వాననీటి గొట్టాన్ని దగ్గరున్న చాంబర్‌లో కలిపేశాడనీ, తమకేమీ తెలియదనీ ఇంటింటికీ ఒకటే జవాబు.

మూలమీది ఇంటాయన ఎరుపు మాత్రం ఎంతసేపు చూసినా రాలేదు. ఎంత వెతికినా కనబడని ఆ రంగు పక్కింటి గోడ అవతల, అప్పుడే విచ్చిన తెల్ల గులాబీల మీద దొరికింది. ఆ గొట్టం గురించే ఆ రెండిళ్ల మధ్య ఏళ్ల తరబడి మాటలు లేవు.

ఇంకుడు గుంతలు తవ్వాలన్న తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ఇంటి నంబర్ల వరుసలో, చివరి నుంచి మొదలుపెట్టాలని ఒకటో నంబరు ఇంటివారైన అధ్యక్షులవారు సవరణ ప్రతిపాదించారు. మాస్టారి అమ్మాయి సంబంధం ఖాయమయింది. కాబోయే వియ్యంకుడుగారు లగ్నం మాత్రం మాఘమాసంలో పెట్టించారు. ఇక మూలమీది ఇంటాయన, మొత్తం వీధిలో మురుగు లైనుకు ద్రోహం చేయనివాడిని తానొక్కడినే కనుక తన వార్షిక చందా మాఫీ చేయాలని సంఘానికి అర్జీ పెట్టుకున్నాడు. దాని మీద అభ్యంతరం తెలుపుతూ గులాబీల యజమానురాలు పెట్టిన అర్జీ కూడా పరిశీలనలో ఉన్నది.