తప్పంతా బ్లూఫిన్ ట్యూనాదే

అట్లాంటిక్ బ్లూఫిన్ ట్యూనా అనే చేప అంతరించే దాకా వచ్చిందంటే తప్పు దానిదే, ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు. అంత కొవ్వు, అంత రుచి పెట్టుకుని సముద్రంలో తిరగమని ఎవరు చెప్పారు? ఒకప్పుడు కెనడా, అమెరికా తీరాల్లో సరదాకి గాలం వేసి పట్టేవాళ్లు, పక్కన నిలబడి ఫొటో దిగేవాళ్లు, తర్వాత పాతిపెట్టడమో పిల్లుల తిండికి అమ్మెయ్యడమో. 1970ల్లో జపాన్ సరుకు దించిన విమానాలు ఖాళీగా వెనక్కి వెళ్లడం ఎందుకని, అక్కడి సుషీ (పచ్చి చేపతో చేసే అన్నం వంటకం) కోసం దీన్ని ఎక్కించుకున్నాయి, అంతే, దాని దశ తిరిగింది.

దీన్ని కాపాడడానికి మాడ్రిడ్‌లో ఇక్కాట్ అనే అంతర్జాతీయ కమిషన్ ఉంది. జనం ఊరికే ఆడిపోసుకుంటారు గానీ, ఎంత పద్ధతైన సంస్థో చూడండి. 2006లో శాస్త్రవేత్తలు ఏడాదికి 15 వేల టన్నులు దాటొద్దంటే, శ్రద్ధగా విని, 29,500 టన్నులకు అనుమతి ఇచ్చింది. పడవలవాళ్లు ఇంకాస్త ఉదారులు. 2007లో తూర్పు అట్లాంటిక్, మధ్యధరాల్లో నిజంగా పట్టింది 60 వేల టన్నుల పైమాటేనని అంచనా. మరుసటి ఏడాది, ఇక్కాట్ పిలిపించుకున్న సమీక్షకులే ఈ నిర్వాకం అంతర్జాతీయంగా సిగ్గుచేటని రాసి ఇచ్చారు. కోరి తిట్టించుకోవాలన్నా పెద్ద మనసుండాలి.

ఇక 2010 మార్చిలో దోహా, అంతరించే జాతుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం దేశాల సమావేశం. ఈ చేప అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించాలని మొనాకో ప్రతిపాదించింది. ఓటింగుకు ముందురోజు సాయంత్రం జపాన్ ఎంబసీ ప్రతినిధులకు విందు ఇచ్చింది, అందులో బ్లూఫిన్ సుషీ కూడా వడ్డించింది. దీన్ని దుర్మార్గం అన్నవాళ్లున్నారు. నేనొప్పుకోను. దేని గురించి ఓటేస్తున్నామో ప్రతినిధులకు క్షుణ్ణంగా తెలియొద్దా? తెల్లారి నిషేధానికి 20 ఓట్లు, వద్దని 68, ఎటూ తేల్చుకోనివాళ్లు 30 మంది (వీళ్లకి విందులో సరిగ్గా అందలేదని నా అనుమానం).

తర్వాత కమిషన్ ఒక దుస్సాహసం చేసింది. శాస్త్రవేత్తల మాట విని కోటాను 13 వేల టన్నుల చుట్టుపక్కలకు దించింది. విచిత్రంగా, పట్టడం తగ్గిస్తే చేపలు పెరిగాయి! ఇంత సులువని ముందే చెప్పొచ్చు కదా అంటే, చెప్పారు. 2021లో ఐయూసీఎన్ (ఏ జాతి ఎంత ప్రమాదంలో ఉందో తేల్చే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ) ఈ జాతిని ప్రమాదంలో ఉన్న జాబితాలోంచి తీసేసింది, కోటా మళ్లీ 40 వేల టన్నులు దాటింది. కోలుకున్న రోగిని మంచం మీంచి లేపి బరువులు ఎత్తిస్తే తప్పేంటి?

మెక్సికో సింధుశాఖలో గుడ్లు పెట్టే పశ్చిమ గుంపు మాత్రం నలభై ఏళ్లలో సగానికి పైగా తగ్గిపోయిందని అదే ఐయూసీఎన్ చెప్పింది. కానీ జాతి మొత్తం బాగుందని ఒకసారి ప్రకటించాక ముక్కల గురించి అడగడం, అందులోనూ ట్యూనా దగ్గర, మర్యాద కాదు.