లెవెల్స్ పెరిగితే పాత్ర చచ్చిపోతుందా?

ఆన్‌లైన్ రోల్‌ప్లేయింగ్ గేమ్స్ ఆడేవాళ్ల మధ్య ఒక వాదన బాగా షేర్ అవుతోంది. సారాంశం ఇది: లెవెల్స్ (పాత్ర శక్తి పెరిగే మెట్లు) రోల్‌ప్లేను, అంటే పాత్రలో లీనమై మాట్లాడుతూ ఆడటాన్ని, చంపేస్తాయి. నిజమైన రోల్‌ప్లేయర్ ఎక్స్‌పీ (లెవెల్ పెరగడానికి కూడబెట్టే అనుభవ పాయింట్లు) లెక్క చూసుకోడు. కాబట్టి లెవెల్స్ తీసేయాలి, లేదా రోల్‌ప్లేకి కూడా ఎక్స్‌పీ ఇవ్వాలి. దీన్ని షేర్ చేస్తున్నవాళ్లలో చాలామంది తమ పాత్రల్ని ప్రాణంగా చూసుకునేవాళ్లే. వాళ్ల బాధ నిజం. చూపిస్తున్న కారణం మాత్రం తప్పు.

లెవెల్స్ పాత్రను చంపేస్తాయన్న మాటతోనే మొదలుపెడదాం. ఒక వైద్యురాలి పాత్ర తీసుకోండి. గాయాలు మాన్పడం వచ్చు కానీ పడిపోయినవాళ్లను లేపే మంత్రం ఇంకా రాదు. జట్టులో ఎవరు పోయినా పక్కన కూర్చుని చూడటమే ఆమె పని. ఒకరోజు లెవెల్ పెరిగి ఆ మంత్రం వచ్చింది. ఆడే మనిషి ఆ ఐకాన్‌ను బార్‌లోకి లాగి పెట్టుకుని ముందుకు పోవచ్చు. లేదా తర్వాతి పోరాటం అయ్యాక చాట్‌లో ఇలా రాయొచ్చు: "చేతులు వణుకుతున్నాయి. సగం చదివి ఆగింది. 'ఇది అన్నయ్య ఉన్నప్పుడే వచ్చుంటే' అంది. మళ్లీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది." నిన్న చేతకానిది ఇవాళ చేతనైంది కాబట్టే ఈ సన్నివేశం పుట్టింది. మొదటి రోజు నుంచీ అన్నీ వచ్చిన వైద్యురాలికి ఇలాంటి రోజు రాదు.

1997లో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్‌లో లెవెల్స్ బదులు నైపుణ్యాలు ఉండేవి. వాడేకొద్దీ పెరిగేవి. ఒక్కోటి 100 దాకా వెళ్లొచ్చు, అన్నీ కలిపి 700 దాటకూడదు. ఆ హద్దుకు చేరిన కత్తివీరుడు కమ్మరి పని నేర్చుకోవాలంటే, అప్పటిదాకా నేర్చుకున్నదాంట్లో ఏదో ఒకటి తగ్గించుకోవాలి. అతను ఏది వదులుకుంటాడో చూస్తే ఎలాంటి మనిషో తెలిసిపోతుంది. పొడవాటి బయో (పాత్ర గురించి రాసుకున్న పరిచయం) చదవాల్సిన పని లేదు.

ఇక "నిజమైన రోల్‌ప్లేయర్" సంగతి. దీనికి మద్దతుగా చాలామంది గేమ్ రూపకర్త రిచర్డ్ బార్టిల్ 1996లో రాసిన వ్యాసాన్ని తెస్తారు. సాధించేవాళ్లు, అన్వేషించేవాళ్లు, కబుర్లతో కలిసిపోయేవాళ్లు, ఇతరుల మీద పడేవాళ్లు అని ఆటగాళ్లను నాలుగు రకాలుగా చెప్పిన వ్యాసం అది. ఆ నాలుగింటిలో రోల్‌ప్లేయర్ అనే రకమే విడిగా లేదు. పైగా ఒకే మనిషి మూడ్‌ను బట్టి అటూ ఇటూ మారుతుంటాడని బార్టిలే అందులో అన్నారు. సాయంత్రం గుహలో రాక్షసుల్ని కొట్టి, రాత్రి సత్రంలో కూర్చుని ఆ గాయాల గురించి మాట్లాడేది ఒకే మనిషి కావచ్చు. వాణ్ని రెండు ముక్కలు చేయడం దేనికి?

లెవెల్స్ తీసేయడమూ కొత్త ఆలోచన కాదు. బొమ్మలు లేకుండా అక్షరాలతోనే నడిచిన 1989 నాటి ఆన్‌లైన్ ప్రపంచం టైనీమడ్‌లోనే లెవెల్స్ లేవు. దాన్నుంచి పుట్టిన మష్‌లు అనే అలాంటి ప్రపంచాలు రోల్‌ప్లేకి పుట్టిళ్లయ్యాయి. అయితే వాటిలో చాలా చోట్ల ఆడేవాళ్లే టేబుల్‌టాప్ గేమ్స్ (బల్ల చుట్టూ కూర్చుని ఆడేవి) నుంచి క్యారెక్టర్ షీట్లూ (పాత్ర బలాలు రాసుకునే కాగితాలు) ఎక్స్‌పీ తెచ్చి పెట్టుకున్నారు. తమ పాత్ర ఎదగాలన్న కోరిక వాళ్లలోనూ ఉంది మరి.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది చివరి సలహా, రోల్‌ప్లేకి ఎక్స్‌పీ ఇవ్వడం. ఆటగాళ్లు దేనికి ఫలితం దక్కితే అదే చేస్తారు. 2003లో వచ్చిన స్టార్ వార్స్ గెలాక్సీస్‌లో డాన్సర్లు, సంగీతకారులు ఉండేవారు. ప్రదర్శన ఇస్తే వాళ్లకు ఎక్స్‌పీ వచ్చేది. యుద్ధంలో అలసిపోయిన పాత్రలు క్యాంటీనాకు (ఆటలోని మద్యశాలకు) వచ్చి ఆ ప్రదర్శన చూస్తేనే ఆ అలసట పోయేది. ఈ రెండు నియమాలకూ రెండు వేరు ఫలితాలు వచ్చాయి. ఎక్స్‌పీ కోసం కొందరు మాక్రో (ఆదేశాలను దానంతటదే నడిపే ఏర్పాటు) పెట్టి కీబోర్డ్ దగ్గర నుంచి లేచి వెళ్లిపోయారు, పాత్రలు వాటంతటవే గంటల తరబడి డాన్స్ చేశాయి. అలసట తీరడానికి వచ్చినవాళ్లు మాత్రం అక్కడే కూర్చోవాలి కాబట్టి పక్కవాళ్లతో మాట కలిపారు, స్నేహాలు కుదిరాయి. మాటలు పుట్టించింది ఎక్స్‌పీ కాదు, ఒకరి అవసరం ఇంకొకరికి ఉండటం. చాట్‌లో టైప్ చేసిన ప్రతి లైనుకూ పాయింట్లు ఇచ్చి చూడండి, పొడవైన లైన్లు వస్తాయి. మంచి సన్నివేశాలు వస్తాయన్న హామీ లేదు. తోటివాళ్ల ఓట్లతో ఇద్దామంటే, స్నేహితులు ఒకరికొకరు వేసుకుంటారు. కొత్తగా వచ్చినవాడు ఎంత బాగా ఆడినా బయటే ఉంటాడు.

మరి అసలు బాధ ఎక్కడ? నా ఉద్దేశంలో రెండు చోట్ల. ఒకటి, లెవెల్ తేడా మనుషుల్ని విడదీస్తుంది. వారం రోజులు రాలేకపోయిన గురువు, శిష్యుడితో కలిసి అడవిలోకి వెళ్లలేడు, కథ అక్కడే తెగిపోతుంది. దీనికి మందు ఎప్పుడో కనిపెట్టారు. 2004లోనే సిటీ ఆఫ్ హీరోస్ చిన్న లెవెల్ ఆటగాణ్ని పెద్దవాడి స్థాయికి దగ్గరగా తెచ్చే సైడ్‌కిక్ ఏర్పాటు పెట్టింది. ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్ 2016లో ప్రపంచం మొత్తాన్నీ ఆటగాడి స్థాయికి సర్దింది. లెవెల్స్ ఉన్నాయి, గోడ లేదు.

రెండోది, చాలా గేమ్స్‌లో ఎదగడానికి పోరాటం ఒక్కటే ప్రధాన దారి. పెద్ద రెయిడ్‌లలో (చాలామంది జట్టుగా చేసే పోరాటాల్లో) డ్యామేజ్ అంకె, అంటే శత్రువుకు చేసిన నష్టం, తగ్గితే జట్టులోంచి తీసేస్తారన్న టెన్షన్‌తో పాత్రకు నప్పని బిల్డ్ (ఆయుధాలూ నైపుణ్యాల ఎంపిక) పెట్టుకోవాల్సి వస్తుంది. శాంతమూర్తిగా రాసుకున్న సన్యాసి, నెట్‌లోని గైడ్ చెప్పిందని విషపు కత్తులు పట్టుకుంటాడు. ఈ ఫిర్యాదు నూటికి నూరుపాళ్లు న్యాయం. ఈవ్ ఆన్‌లైన్‌లో నైపుణ్యాలు ఆడుతున్నా ఆడకపోయినా గడియారంతో పాటు పెరుగుతాయి. అందుకే అక్కడ లాగిన్ అయిన సమయాన్ని వ్యాపారానికో, రాజకీయానికో, వెన్నుపోటుకో వాడుకోవచ్చు, నైపుణ్యం ఆగిపోదు. డెవలపర్లను మనం అడగాల్సింది ఇలాంటివి: వైద్యం చేసినా, వంతెన కట్టినా, సంధి కుదిర్చినా పాత్ర ఎదిగే దారులు, పాత్రకు తగ్గ బిల్డ్‌తో వచ్చినా పూర్తి చేయగలిగే రెయిడ్‌లు.