అడుగు తీసిన వేళావిశేషం

ఎవరైనా అడుగుపెట్టిన వేళావిశేషం గురించి మన దగ్గర బోలెడంత శాస్త్రం ఉంది. కోడలు అడుగుపెట్టింది, మామగారికి ప్రమోషన్ వచ్చింది, ఇట్లాంటివి. బయటికి అడుగేసి వెళ్లిపోయిన వేళావిశేషం మీద మాత్రం ఎవరూ సరిగా పనిచేయలేదు. ఈ వెలితిని ఒంటిచేత్తో పూడ్చిన మనిషి ఆస్ట్రేలియాలో ఉన్నాడు, పేరు నేథన్ బక్లీ. ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ ఆటగాడు, తర్వాత కోచ్. పాపం కప్పు రాలేదు అని అక్కడ చాలామంది ఆయన మీద జాలిపడతారు. ఇంతకంటే అన్యాయం ఉండదు. కప్పు రాకపోవడమేంటి, వరసగా వచ్చాయి. కాకపోతే ఆయన వదిలేసిన చోట వచ్చాయి.

1992లో సౌత్ ఆస్ట్రేలియా లీగ్‌లో పోర్ట్ అడిలైడ్ తరఫున కప్పు గెలిచాడు, అదే ఏడాది ఆ లీగ్‌లో ఉత్తమ ఆటగాడు కూడా ఆయనే. ఈ సంగతి నా సిద్ధాంతానికి అడ్డొస్తుంది కాబట్టి ఇక్కడితో వదిలేద్దాం.

1993లో జాతీయ లీగ్ ఏఎఫ్ఎల్‌లోకి, బ్రిస్బేన్ బేర్స్‌కి వచ్చాడు. కొత్త కుర్రాళ్లలో మేటికి ఇచ్చే రైజింగ్ స్టార్ అవార్డు పెట్టిందే ఆ ఏడాది, మొదటిది ఈయనకే. ఒక్క సీజన్ ఆడి, మెల్‌బోర్న్‌లో లక్షల అభిమానులున్న కాలింగ్‌వుడ్‌కి వెళ్లిపోయాడు. కప్పు కావాలంటే పెద్ద క్లబ్బే కావాలి కదా మరి. తర్వాత బేర్స్ ఫిట్జ్‌రాయ్ క్లబ్బుతో కలిసి బ్రిస్బేన్ లయన్స్ అయింది. అయ్యి, 2001, 2002, 2003లో వరసగా మూడు కప్పులు కొట్టింది. అందులో చివరి రెండూ ఎవరి మీదనుకున్నారు? కాలింగ్‌వుడ్ మీదే, కెప్టెన్ బక్లీ సమక్షంలోనే. 2002 ఫైనల్లో 9 పాయింట్ల తేడాతో ఓడారు, మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే నార్మ్ స్మిత్ పతకం తెచ్చి ఓడిన కెప్టెన్ మెడలో వేశారు. మరుసటి సంవత్సరం 50 పాయింట్ల తేడా. ఆ ఏడాదే లీగ్‌లో అన్నిటికంటే పెద్ద వ్యక్తిగత గౌరవం, బ్రౌన్లో పతకం, ఆయనకు వచ్చింది. అదీ ముగ్గురికి కలిపి, తలా 22 ఓట్లతో.

ఇక్కడ ఆట గురించి ఒక ముక్క చెప్పాలి. నితీశ్ కుమార్ రెడ్డి 2024లో సెంచరీ కొట్టిన ఆ మెల్‌బోర్న్ క్రికెట్ మైదానం, ఎంసీజీలోనే చలికాలమంతా ఈ ఆట నడుస్తుంది. జట్టుకు 18 మంది, రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు. బంతి నడిమి రెండు స్తంభాల మధ్య నుంచి పోతే గోల్, 6 పాయింట్లు. గురి తప్పి పక్క సందులోంచి పోతే ఏమీ తిట్టరు, 1 పాయింటు ఇస్తారు. ఎంత దయగల ఆటండీ!

ఈ దయ బక్లీని ఎలా చూసుకుందో చూడండి. ఆటగాడిగా ఆయన ఆఖరి మ్యాచ్ 2007లో, ఫైనల్‌కి ముందు మెట్టయిన ప్రిలిమినరీ ఫైనల్, ప్రత్యర్థి జీలాంగ్. రెండు జట్లకూ చెరి 13 గోల్స్. జీలాంగ్ వాళ్లు 14 తప్పారు, కాలింగ్‌వుడ్ 9 మాత్రమే తప్పింది, అందుకని 5 పాయింట్లతో ఓడింది. కట్ చేస్తే 2018 ఫైనల్, ఇప్పుడాయన కోచ్, ప్రత్యర్థి వెస్ట్ కోస్ట్. చివరి నిమిషాల్లో డామ్ షీడ్ అనే కుర్రాడు బౌండరీ లైను పక్కనుంచి, మామూలుగా అయితే తప్పాల్సిన చోటునుంచి, గోల్ కొట్టేశాడు. మొత్తం లెక్క చూస్తే చెరి 11 గోల్స్, వాళ్లు 13 తప్పారు, వీళ్లు 8. మళ్లీ అదే 5. పదకొండేళ్ల తర్వాత కూడా తన జట్టుకు సరిపడా తప్పడం నేర్పలేకపోయాడని కోచ్‌ని విమర్శించేవాళ్లతో ఈ ఒక్క విషయంలో నేను ఏకీభవిస్తాను.

మధ్యలో 2010 ఉంది. ఆయన ఆడటం మానేశాక కాలింగ్‌వుడ్ కప్పు గెలిచింది. కోచ్ మిక్ మాల్ట్‌హౌస్. బక్లీ అప్పటికి క్లబ్బులోనే ఉన్నాడు, కానీ అసిస్టెంటుగా, అంటే కప్పు కనపడేంత దగ్గర్లో. 2009లోనే క్లబ్ ప్రెసిడెంట్ ఎడ్డీ మెగ్వైర్ ఒక ఒప్పందం రాయించాడు: రెండేళ్లు మాల్ట్‌హౌస్, ఆ తర్వాత కుర్చీ బక్లీది. 2010లో కప్పు, 2011లో ఫైనల్. అంతా సవ్యంగా ఉంది, అయినా ఒప్పందం ఒప్పందమే. 2012 నుంచి బక్లీ కోచ్. గెలిపిస్తున్నవాడిని ముహూర్తం ప్రకారం దింపడం మన రాజకీయ పార్టీలకు కూడా చేతకాని క్రమశిక్షణ.

2021 జూన్‌లో, సీజన్ మధ్యలోనే తప్పుకున్నాడు. ఆఖరి మ్యాచ్‌లో మెల్‌బోర్న్ జట్టును ఓడించి మరీ వెళ్లాడు. ఆ మెల్‌బోర్న్ అదే ఏడాది కప్పు గెలిచింది, 1964 తర్వాత మొదటిసారి. వెళ్తూ వెళ్తూ ఎదుటివాళ్ల మీద కూడా తన వేళావిశేషం కాస్త చల్లి పోయాడన్నమాట.

కాలింగ్‌వుడ్‌కి కొత్త కోచ్ క్రెయిగ్ మెక్రే. ఈయనెవరు? 2001, 2002, 2003 కప్పులు గెలిచిన ఆ బ్రిస్బేన్ జట్టు ఆటగాడు! 2023 ఫైనల్లో ప్రత్యర్థి కూడా బ్రిస్బేనే. వాళ్లు 13 గోల్స్ కొట్టారు, కాలింగ్‌వుడ్ 12. మరి ఎలా గెలిచింది? 18 సార్లు తప్పింది, వాళ్లు 8 సార్లే. 90–86. బక్లీ ఉన్నన్నాళ్లూ రాని విద్య ఆయన వెళ్లిన రెండేళ్లలో వచ్చేసింది.

కాబట్టి ఏఎఫ్ఎల్ క్లబ్బులకు నా ప్రతిపాదన. సెయింట్ కిల్డా 1966 నుంచి రెండో కప్పు కోసం చూస్తోంది, ఫ్రీమాంటిల్‌కి అసలు మొదటిదే లేదు. మీరు కోచ్‌ల మీద, డేటా విశ్లేషకుల మీద డబ్బు తగలేయకండి. బక్లీని పిలవండి, పొద్దున సంతకం, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం వీడ్కోలు సభ. జీతం దగ్గర బేరాలాడొద్దు. దండ వేసేటప్పుడు అభిమానులెవరైనా భావోద్వేగంతో 'ఇంకొక్క సీజన్ ఉండండి సార్' అని అరవకుండా సెక్యూరిటీని మాత్రం గట్టిగా పెట్టండి.