గీజర్‌కు యాప్ సరే, ఆగడం వచ్చా?

ఇంట్లో తయారుచేసిన గీజర్ కంట్రోలర్, అంటే గీజర్‌ను తానే వెలిగించి ఆపే పెట్టె, వీడియోల్లో చూపించేవాళ్లందరూ ముందు ఫోను తీస్తారు. మంచం దిగకుండానే గీజర్ వెలిగించారట! వెలిగించడం ఏమంత విద్య, గోడ మీద స్విచ్చు చేసే పనే కదా. నీళ్ల వేడి కొలిచే సెన్సారు తీగ తెగినా, ప్రోగ్రాము మధ్యలో బిగుసుకుపోయినా మీ పెట్టె గీజర్‌ను ఆపుతుందా అని అడగండి. మాట మార్చేస్తారు.

ఒడిశాలో కోరాపుట్ కొండల మీద ఉండే మాకు ఈ పెట్టె సరదా కాదు. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున కుళాయి నీళ్లలో చేయి పెట్టలేం. పైగా మా వీధిలో వోల్టేజి నిలకడగా ఉండదు. 25 లీటర్ల నీళ్లు 15 డిగ్రీల నుంచి 60కి చేరాలంటే సుమారు 1.3 యూనిట్లు కావాలి. 230 వోల్టులుంటే 2,000 వాట్ల గీజర్‌కు అది 40 నిమిషాల పని. వోల్టేజి 180కి పడిందా, అదే ఎలిమెంట్ 1,200 వాట్ల పైచిలుకే ఇస్తుంది, గంట దాటుతుంది. ఇక ఇన్ని నిమిషాలకు ఆపెయ్యమని పెట్టిన టైమర్ ఏం చేస్తుంది? వేడి చూసి ఆపడానికి గీజర్ లోపలి థర్మోస్టాట్ ఉందిగా అంటారు. దానికి నీళ్లను రోజంతా వేడిగా ఉంచడమే తెలుసు, మనం స్నానం చేసే వేళ తెలియదు. కాబట్టి ఉష్ణోగ్రత, వేళ రెండూ చూసే కంట్రోలర్ కావాలి. ఇంతవరకు ఈ కుర్రాళ్లతో నాకు పేచీ లేదు.

అందరూ వాడేది డీఎస్18బీ20 సెన్సారు. చవక, మంచిదే, అర డిగ్రీ తేడాతో చెబుతుంది. కానీ కరెంటు అందగానే, కొలత పూర్తికాకముందే అడిగితే 85 అంటుంది. తీగ ఊడితే, ఈ పెట్టెల్లో వాడే ఆర్డ్యునో అనే చిన్న కంప్యూటర్ బోర్డులో సెన్సారును చదవడానికి ఎక్కువమంది వాడే లైబ్రరీ (రెడీమేడ్ ప్రోగ్రాము) మైనస్ 127 చూపిస్తుంది. ‘40 కన్నా తక్కువైతే వెలిగించు’ అని ఒక్క వాక్యం రాసి వదిలేసిన ప్రోగ్రాముకు ట్యాంకులో మంచుగడ్డ ఉన్నట్టే లెక్క. ఇక ఆపదు.

ప్రోగ్రాము చెప్పినట్టు కరెంటు కలిపి తెంపే స్విచ్చు, ఆ నీలం రంగు రిలే మీద 10 ఆంపియర్లని ఉంటుంది. 2,000 వాట్లకు 8.7 చాలు కదా అని ఆ చిన్న బోర్డుకే గీజర్ తగిలిస్తారు. దాని సన్నని రాగి గీతలు రోజూ అంతసేపు ఆ కరెంటు మోయాలి. కాంటాక్టులు వేడెక్కి అతుక్కుపోతే ప్రోగ్రాము ‘ఆపు’ అని ఎంత మొత్తుకున్నా వినే నాథుడు లేడు. రిలేతో కాంటాక్టర్‌ను, అంటే ఎక్కువ కరెంటుకు తట్టుకునే పెద్ద స్విచ్చును నడపండి, గీజర్ కరెంటు అది మోస్తుంది.

నాకు ఒళ్లు మండేది మాత్రం గీజర్ లోపలి థర్మల్ కటౌట్‌ను, అంటే వేడి హద్దు దాటితే కరెంటు తెంపే భాగాన్ని పీకేసేవాళ్లను చూసినప్పుడు. మన పెట్టె ఉందిగా, అదెందుకు అంటారు! మన పెట్టె చచ్చినప్పుడు నీళ్లు మరిగి ట్యాంకు పగలకుండా కాపాడేది అదే. మనం చేసింది దానికి తోడుగా సిరీస్‌లో, అంటే రెంటిలో ఏది తెంపినా కరెంటు ఆగేలా ఉండాలి, దాని బదులు కాదు. ఎర్తింగ్, కరెంటు లీకైతే సరఫరా తెంపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేని స్నానాలగది గురించి అసలు మాట్లాడను.

మా బావమరిది జయపురం నుంచి వచ్చి, “బావా, దీంట్లో వైఫై లేదా?” అన్నాడు, జాలిగా. లేదన్నాను. గీజర్ నడుస్తుండగానే సెన్సారు తీగ లాగాను, కాంటాక్టర్ టక్కున వదిలేసింది. “ఇంతేనా?” అన్నాడు. ఇంతే మరి!

వీడియోలు పెట్టే తమ్ముళ్లూ, యాప్ రంగులు తర్వాత చూపిద్దురుగాని. ముందు కెమెరా ఎదుట ఆ తీగ పీకండి.