ఎడారిలో నీళ్లు వృథా: హైదరాబాద్ నుంచి ఒక అభ్యంతరం

అమెరికాలో, టెక్సస్ రాష్ట్రపు పడమటి కొసన, చివావా ఎడారిలో ఒక ఘోరం జరుగుతోంది. బాల్మొరే అనే చిన్న ఊరి పక్కన శాన్ సాలమన్ అనే ఊట ఉంది. దాన్నుంచి రోజుకు 1.5 కోట్ల గాలన్లకు పైగా నీళ్లు వాటంతట అవే పైకి ఉబికి వస్తున్నాయి. మోటరు లేదు, స్టార్టరు లేదు, లైన్‌మన్‌ను బతిమాలడం లేదు. లీటర్లలో అది దాదాపు 5.7 కోట్లు. మన 5 వేల లీటర్ల ట్యాంకర్లతో కొలిస్తే రోజుకు 11 వేల ట్యాంకర్లు పైమాటే. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా ఒక్క అపార్ట్‌మెంట్ సంఘానికైనా ఈ అంకె చదివాక నిద్ర పడుతుందా? ఆ నీళ్లతో అక్కడివాళ్లు చేస్తున్నదేమిటంటే, ఈత కొడుతున్నారు. ఆ తర్వాత చేపలకు వదులుతున్నారు. చేపలు కూడా వాడుకున్నాక కాలువలోకి పంపి పొలాలు తడుపుతున్నారు.

నిర్లక్ష్యం నిన్న మొన్నటిది కాదు. 1930ల్లో ఉద్యోగాలు లేని కుర్రాళ్లను సివిలియన్ కన్జర్వేషన్ కార్ప్స్ అనే పథకం కింద ప్రభుత్వం ఇక్కడికి పంపింది. వాళ్లు ఊట చుట్టూ 1.3 ఎకరాల కొలను కట్టారు. ఎకరానికి పైగా స్థలం, పక్కనే ఏడాది పొడవునా నీళ్లు, ఎదురుగా డేవిస్ కొండల వ్యూ. అయినా ఒక్క వెంచర్ వేయలేదు. మట్టి ఇటుకలతో ఒకే అంతస్తు వసతి గదులు కట్టి, పైన ఇంకో స్లాబ్ వేసే ఆలోచన కూడా లేకుండా వెళ్లిపోయారు. మన కోకాపేటలో ఇలాంటి జాగా దొరికితే ముందు ఊటను పూడ్చి, పైన నలభై అంతస్తులు లేపి, దానికి ఊట పేరే పెట్టి, నివాసులకు నీళ్లు ట్యాంకర్‌లో తెప్పించేవాళ్లం. పద్ధతి అంటే అది.

ఇంతకీ ఇది మన సమస్య ఎందుకయిందంటే, వేసవిలో డాలస్‌కో, ఆస్టిన్‌కో, హ్యూస్టన్‌కో పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులను ఆ పిల్లలు లాంగ్ వీకెండ్ రాగానే కార్లో ఎక్కించి ఈ కొలనుకు తీసుకుపోతున్నారు. పైగా టెంట్‌లో పడుకోబెడుతున్నారు. సొంత ఫ్లాటు కొనడానికి ఇరవై ఏళ్లు ఈఎంఐ కట్టిన మనుషులను గుడ్డ కింద పడుకోమనడం ఏ రకం మర్యాదో అడగాలి. అడిగినా తీసుకుపోతారు కాబట్టి, నష్టం తగ్గించే మార్గాలు చెప్పుకోవడమే మిగిలింది.

మొదటి అవమానం బుకింగ్ దగ్గరే ఎదురవుతుంది. ఆ కొలను ఉన్నది బాల్మొరే స్టేట్ పార్కు అనే టెక్సస్ ప్రభుత్వ పార్కులో. రాత్రి ఉండాలంటే ఆ స్టేట్ పార్కుల రిజర్వేషన్ అయిదు నెలల ముందు తెరుస్తారు. పగటిపూట ఈతకు మాత్రమే అయితే డే పాస్ నెల ముందు. ఎండాకాలం శని, ఆదివారాలవి ముందే అయిపోతాయి, పాస్ లేనివాళ్లను గేటు దగ్గరే తిప్పి పంపుతారు. తిరుమల దర్శనానికి సిఫారసు లేఖ తెచ్చుకోగలిగిన పెద్దమనుషులు కూడా ఇక్కడ నిస్సహాయులే. పెద్దవాళ్లకు తలకు 7 డాలర్ల ప్రవేశ రుసుము, 12 ఏళ్లు, అంతకు లోపు పిల్లలకు లేదు. టెంట్ స్థలం అద్దె దీనికి అదనం. చాలామంది అద్దె కట్టేశాం కదా అనుకుని గేటు దగ్గర వాదనకు దిగుతారు. వసతి గదులు, టెంట్ స్థలాలు మరమ్మతుల కోసం మూసి ఉండటమూ ఉంది, కాబట్టి కారు తీసే ముందు ఏది తెరిచి ఉందో చూసుకోవాలి. ఒక టెంట్ స్థలానికి ఎనిమిది మందే. మన లెక్కలో ఎనిమిది మంది అంటే ఒక కుటుంబం, పెళ్లికూతురి మేనమామ ఇంకా రాలేదు. నాలుగు కుటుంబాలు కలిసి పోతుంటే పక్కపక్క స్థలాలు ఒకేసారి పట్టుకోవాలి. "ముందు ఒకటి తీస్కో, అక్కడ చూస్కుందాం" అన్న మన రాజ్యాంగ సూత్రం పార్కు రేంజర్ దగ్గర చెల్లదు.

ఆస్టిన్ నుంచి ఆరు గంటలకు పైగా ప్రయాణం, డాలస్ నుంచి ఏడు, హ్యూస్టన్ నుంచి ఇంకా ఎక్కువ. ఐ-10 హైవే మీద ఆ ప్రాంతంలో గంటకు 80 మైళ్ల వేగం అనుమతిస్తారు, అంటే దాదాపు 130 కిలోమీటర్లు. ఔటర్ రింగ్ రోడ్డు మీద మనవాళ్లు చాటుగా చేసే పనిని అక్కడ బోర్డు పెట్టి చేయిస్తారు. బంకుల మధ్య దూరాలు ఎక్కువ. ఫోర్ట్ స్టాక్టన్‌లో ట్యాంకు నింపుకోవాలి, ఐస్, పాలు, పెరుగు అక్కడే కొనుక్కోవాలి. ఫోన్ సిగ్నల్ నమ్మదగ్గది కాదు. బుకింగ్ కాగితం, దారి మ్యాపు ముందే ఫోన్‌లో దాచుకోకపోతే గేటు దగ్గర ఇంటిల్లిపాదీ చేతులు పైకెత్తి నిలబడాల్సి వస్తుంది.

ఇక టెంట్. ఆ నేల పైపైన దుమ్ము, కింద సున్నంతో గడ్డకట్టిన గట్టి పొర. టెంట్‌తోపాటు డబ్బాలో వచ్చే సన్న అల్యూమినియం మేకులు ఆ పొరకు తగలగానే వంగిపోతాయి. వంగిన మేకు పట్టు దుమ్ములో మాత్రమే ఉంటుంది, సాయంత్రం గాలి లేవగానే టెంట్ పక్క కౌంటీకి వలస పోతుంది. అడుగు పొడవు ఉక్కు మేకులు, కిలో బరువు సుత్తి తీసుకెళ్లాలి. మేకును నిటారుగా కాక, తల టెంట్‌కు దూరంగా వాలేటట్టు ఏటవాలుగా దించాలి. గాలి ఎటు నుంచి వస్తోందో చూసి అటువైపు తాళ్లు ముందు కట్టి, గుమ్మం ఎదురు దిక్కుకు పెట్టాలి. వాస్తు ప్రకారం గుమ్మం ఎటు ఉండాలన్న చర్చ మొదలైతే దాన్ని గాలికే వదిలేయడం మంచిది. నీడ కోసం తెచ్చే నాలుగు కాళ్ల పందిరి ఇంకా ప్రమాదకరం. కొలనుకు వెళ్లేటప్పుడు దాన్ని మడిచి పెట్టాల్సిందే. జులై నుంచి సెప్టెంబర్ దాకా సాయంత్రాలు ఉరుములతో వానలు పడతాయి, ఉరుము వినిపిస్తే నీళ్లలోంచి బయటికి వచ్చి కారెక్కాలి.

కింద పరిచేముందు నేల చూడాలి. పల్లేరు అక్కడా ఉంది, మన పొలం గట్ల మీద ఉన్న అదే మొక్క. వీసా లేకుండా ఆ ఎడారిలో ఏళ్లుగా స్థిరపడిన మనకు తెలిసిన జీవి అదొక్కటే కావచ్చు. గాలి నింపే పరుపు ఒక్క పల్లేరుకాయకు రాత్రి రెండింటికి నేలకు దిగుతుంది. ముందు మందమైన టార్పాలిన్, పైన స్పాంజి చాప, ఆపైన పరుపు. హవాయి చెప్పులు పనికిరావు, ముల్లు అడుగులోంచి పైకి వస్తుంది. పొద్దున బూట్లు వేసుకునే ముందు దులపాలి, లోపల తేలు ఉండొచ్చు. ఎండాకాలం పగలు 38 డిగ్రీలు దాటినా తెల్లవారుజాముకు దుప్పటి కావాలి, చలికాలం అయితే స్వెట్టర్ మీద స్వెట్టర్.

వంట విషయంలో మనవాళ్ల సన్నాహం ఎప్పుడూ యుద్ధస్థాయిలో ఉంటుంది కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. ఆకుపచ్చ రంగు చిన్న ప్రొపేన్ సిలిండర్‌లో 465 గ్రాముల గ్యాస్ ఉంటుంది. ఒక బర్నర్ పూర్తి మంట మీద రెండు గంటలు వస్తుంది, అదీ గాలి లేకపోతే. గాలికి వేడి పక్కకు పోయి అన్నం ఉడకదు, సిలిండర్ మాత్రం ఖాళీ అవుతుంది. మూడువైపులా రేకు అడ్డం పెట్టాలి. గాలి వస్తోందని స్టవ్‌ను టెంట్ లోపలికి తీసుకుపోయే తెలివి మాత్రం వద్దు. మంట ఒక ప్రమాదం, కార్బన్ మోనాక్సైడ్ అంతకు మించినది. ఆ చోటు సముద్ర మట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు, నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మూత లేని గిన్నెలో కందిపప్పు మెత్తబడే లోపు పిల్లలు బ్రెడ్డు తినేస్తారు, కాబట్టి కుక్కర్ తప్పనిసరి. కానీ రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా నిశ్శబ్దం పాటించాలన్న నియమం ఉంది, కుక్కర్ విజిల్ అందులోకే వస్తుంది. రాత్రి పూట పులిహోర, పెరుగన్నం, ఆవకాయతో సరిపెట్టుకోవాలి. చింతపండు పులిహోర ఐస్ లేకుండా మర్నాటికి నిలుస్తుంది, కొబ్బరి పచ్చడి నిలవదు. కౌంటీలో బర్న్ బ్యాన్ ఉంటే కట్టెల మంటకు అనుమతి లేదు, "చిన్న మంటే కదా సార్" అన్నా వినరు. మిగిలినదంతా కార్లో పెట్టి తాళం వేయాలి. టెంట్‌లో వదిలితే జావెలీనా అనే అడవిపంది లాంటి జంతువు వచ్చి చూసుకుంటుంది, ఆవకాయ గురించి దానికి ఎవరూ ముందుగా చెప్పరు. తాగే నీళ్లు మనిషికి రోజుకు 4 లీటర్లు.

ఇప్పుడు అసలు నేరస్థలం, ఆ కొలను. ఊట నోరు దగ్గర లోతు 25 అడుగులు. కొలను పట్టేది 35 లక్షల గాలన్లు, ఊట నుంచి వచ్చే నీళ్లతో పోలిస్తే రోజుకు నాలుగుసార్లకు పైగా మొత్తం నీళ్లు మారిపోతాయి. అందుకే క్లోరిన్ వేయరు. కంటికి మంట లేదు, ముక్కుకు వాసన లేదు, ఇంత శుభ్రమైన నీళ్లకు ఆర్‌ఓ మెషిన్ పెట్టలేదని మన మధ్యతరగతి మనసు మాత్రం కుదుటపడదు. నీటి వేడి ఏడాది పొడవునా 22 నుంచి 24 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి వచ్చే కాగిన నీళ్లకు అలవాటుపడ్డ హైదరాబాదీకి ఒక్క క్షణం ఊపిరి ఆగుతుంది. జనవరిలో అవే నీళ్లు బయటి గాలి కంటే వెచ్చగా ఉంటాయి.

లైఫ్‌గార్డు ఉండడు. ఈత రానివాళ్లకు లైఫ్ జాకెట్ వేయాలి, గాలి ట్యూబు నమ్మకూడదు, అది జారి పక్కకు పోతే కాళ్ల కింద రెండంతస్తుల లోతు. తక్కువ లోతు ఎక్కడుందో చూసుకుని పెద్దవాళ్లు అక్కడే దిగాలి. మెట్ల మీద నాచు పేరుకుని జారుతుంది, కడ్డీ పట్టుకుని వెనక్కి తిరిగి దిగడం క్షేమం. చీర, కాటన్ చుడీదార్ తడిసి కాళ్లకు చుట్టుకుంటాయి, ఒంటికి పట్టే పొడవు చేతుల ఈత దుస్తులు ఎండకూ మర్యాదకూ సరిపోతాయి, సన్‌స్క్రీన్ వాడకమూ తగ్గుతుంది. స్కూబా సర్టిఫికెట్ ఉన్నవాళ్లు జతగా లోపలికి వెళ్లి, అడుగున ఇసుక ఎగదన్నుతూ నీళ్లు పుట్టే చోటును చూసి రావచ్చు. నీళ్లలో కదలకుండా నిలబడితే టెట్రా చేపలు కాళ్లు కొరుకుతాయి. మన మాల్స్‌లో ఇదే పనికి నిమిషాల లెక్కన డబ్బు వసూలు చేస్తారు, ఇక్కడ ఉచితంగా పాడు చేస్తున్నారు. వాటికి మరమరాలు వేయకూడదు.

ఆ చేపల్లో ఒకటి కొమాంచీ స్ప్రింగ్స్ పప్‌ఫిష్, బొటనవేలంత ఉంటుంది, అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతి. దాని పేరులో ఉన్న కొమాంచీ ఊటలు ఫోర్ట్ స్టాక్టన్‌వి, మనం పెట్రోలు పోయించుకున్న ఊరు. అక్కడివాళ్లు మాత్రం మన ఆలోచనకు దగ్గరివాళ్లు. టెక్సస్‌లో 1904 నుంచి ఒక న్యాయసూత్రం నడుస్తోంది: నీ నేల కింద నీళ్లు ఎన్ని తోడుకున్నా పక్కవాడు అడగడానికి లేదు. భూమి లోపల నీళ్లు ఎటు పోతాయో అంతుపట్టని గుట్టు కాబట్టి దానికి నియమాలు పెట్టలేమన్నది కోర్టు వాదన. ఊటకు ఎగువన ఉన్న పెద్ద రైతు బోర్లు వేసి తోడాడు, దిగువ రైతులు కోర్టుకు వెళ్లారు, 1954లో తోడినవాడే గెలిచాడు. 1961 నాటికి ఊటలు నిలిచిపోయాయి. అయినా ఆ ఊరు ఏటా వాటర్ కార్నివాల్ జరుపుకుంటూనే ఉంది, మాసబ్ ట్యాంక్‌లో ట్యాంకు లేకపోయినా బస్‌స్టాప్ ఉన్నట్టు. మనకు 2002 నుంచి వాల్టా చట్టం ఉంది, బోరుకు అనుమతి కావాలి. అందుకే మన బోరు లారీ రాత్రిపూట వస్తుంది. పక్క అపార్ట్‌మెంట్ 1,200 అడుగులు దించితే మనం 1,500 దించుతాం, తేడా అంతే.

బాల్మొరే పరిసరాల్లో మాత్రం ఈ ప్రగతికి అడుగడుగునా అడ్డం పడుతున్నారు. ఫాంటమ్ లేక్ అనే ఇంకో ఊట ఆగిపోతే, ఆ చేపలు బతకడానికి పంపు పెట్టి నీళ్లు పారిస్తున్నారు. 2018 మేలో ఏటా చేసే శుభ్రత పని మధ్యలో డైవింగ్ బోర్డు కింద గోడ కూలింది. చేపలకు హాని కాకుండా కట్టడానికి కొలను 2019 మార్చి దాకా మూసేశారు. మన దగ్గర అయితే అదే నెలలో ఎర్రమట్టి పోసి, చదును చేసి, రిబ్బన్ కట్ చేసి ఉండేవాళ్లం. ఈ జబ్బు మన ఊరికీ అంటుతున్న గుర్తులు ఉన్నాయి. సికింద్రాబాద్ బన్సీలాల్‌పేటలో పాత మెట్లబావిని చెత్తంతా తోడి 2022 డిసెంబర్‌లో మళ్లీ తెరిచారు. కింద నీళ్లు కనపడుతున్నాయి, జనం ఫొటోలు దిగుతున్నారు. ఏళ్ల తరబడి కష్టపడి పూడ్చిన బావిని ఇలా ఎవరి అనుమతితో తవ్వారో విచారణ జరగాలి, లేకపోతే రేపు ఇంకో బావి బయటపడుతుంది.

వార్షిక శుభ్రత మే నెలలోనే ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో కొలనులో దిగనివ్వరు, తేదీలు చూసుకునే టికెట్లు తీసుకోవాలి. మన దగ్గర కూడా మే నెలే ట్యాంకర్ల సీజన్. శంషాబాద్ బయల్దేరే ముందు సంపు నింపించి, రెండో ట్యాంకర్ డబ్బు వాచ్‌మన్ చేతికిచ్చి, మోటరు ఎప్పుడు వేయాలో ఎప్పుడు ఆపాలో గోడ మీద రాసిపెట్టి వెళ్లాలి. ఎడారిలో సిగ్నల్ ఉండదు, అపార్ట్‌మెంట్ గ్రూపులో జరిగే నీళ్ల పంచాయితీకి అక్కణ్నుంచి సమాధానం ఇవ్వలేరు.