పాలిమర్ కవచం నిప్పును ఆపదు

ఆకుపచ్చగా వెలిగే స్ఫటికాల ద్రావణంలో అయోడైడ్ లవణం కలిపితే చూస్తుండగానే ఎరుపెక్కుతుంది. క్లోరైడ్ కలిపితే నీలం తేలుతుంది. స్ఫటికం చట్రం చెదరదు; అందులోని బ్రోమైడ్ అయాన్లు (విద్యుదావేశమున్న పరమాణువులు) లేచిన చోట కొత్తవి కూర్చుంటాయి, అంతే. సీజియం, సీసం, హాలోజెన్లతో (క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్ వంటివి) కూడిన ఈ పెరోవ్‌స్కైట్ (ఒక తరహా స్ఫటిక నిర్మాణం) నానో స్ఫటికాలను 2015లో జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయంలో మాక్సిమ్ కొవలెంకో బృందం వెలుగులోకి తెచ్చింది. 410 నుంచి 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దాకా, అంటే ఊదా నుంచి ఎరుపు వరకు, కోరిన రంగును ఇంత తేలిగ్గా ఇచ్చే పదార్థాలు అరుదు. టీవీ తెరల పరిశ్రమ వీటిపై ఆశపెట్టుకోవడం సహజం.

అయితే అయాన్లు ఇట్టే మారిపోయే ఈ మెతకదనమే వీటికి శాపం. నీరు తగిలితే విచ్ఛిన్నమవుతాయి. ఎరుపు, ఆకుపచ్చ స్ఫటికాలను ఒకే పాత్రలో కలిపితే అయాన్లు ఇచ్చిపుచ్చుకుని రెండూ ఒకే నడిమి రంగులోకి దిగిపోతాయి. అందుకే వీటిని పాలీస్టైరీన్ వంటి పాలిమర్లలో పొదుగుతున్నారు. చిక్కంతా ఆ తర్వాతే. నీటిని ఆపేంత బిగువైన గోడ, రంగు మార్చడానికి మనం పంపే అయాన్‌నూ ఆపుతుంది. వదులు చేస్తే తేమ చొరబడుతుంది. దీనికి శాస్త్రవేత్తలు వెతుకుతున్న దారులు ఇవి: పాలిమర్‌ను ద్రావకంతో కాసేపు ఉబ్బించి, అయాన్‌ను లోపలికి పంపి, మళ్లీ బిగించడం. స్ఫటికం పైపూతగా ఉండి ఇట్టే ఊడిపోయే ఒలీక్ ఆమ్లం బదులు రెండు కొసలా స్ఫటికాన్ని పట్టుకునే అణువులను తొడగడం... ఈ ఓపికైన రసాయన శాస్త్రాన్ని మేం మనస్ఫూర్తిగా గౌరవిస్తున్నాం.

మా ఆందోళన సీసం గురించి. సీజియం లెడ్ బ్రోమైడ్ తూకంలో మూడో వంతుకు పైగా సీసమే. ఎలక్ట్రానిక్ వస్తువుల్లోని ఏ పదార్థంలోనైనా సీసం 0.1 శాతం మించరాదన్నది ఐరోపా నిబంధనతో పాటు మన ఈ-వ్యర్థాల నిబంధనల్లోనూ ఉన్న సాధారణ పరిమితి. స్ఫటికాలు పొదిగిన పాలిమర్ పొరలో (ఫిల్మ్‌లో) తూకంలో 0.3 శాతం స్ఫటికాలున్నా ఆ గీత దాటినట్టే. సీసం బదులు తగరం వాడదామంటే అది గాలి తగిలితే చెడిపోతుంది.

కవచం ఉంది కదా అన్న సమాధానం చాలదు. ఢిల్లీ సీలంపూర్ వంటి చోట్ల పాత ఎలక్ట్రానిక్ వస్తువులను చేతులతో విప్పుతారు, ఆరుబయట కాలుస్తారు. మంటలో పాలిమర్ మిగలదు, సీసం మిగులుతుంది. ఆ బూడిద మధ్య పిల్లలు తిరుగుతుంటారు.

పరిశోధన ఆపమని మేం అనడం లేదు. పాలీస్టైరీన్ టొలుయీన్ అనే ద్రావకంలో కరుగుతుంది. పొదిగిన సీసాన్ని తిరిగి రాబట్టే దారిని వెతకడానికి ఆ ఒక్క గుణం చాలు. సెమీకండక్టర్లు, డిస్‌ప్లేల కోసం కేంద్రం 2021లో రూ.76,000 కోట్ల పథకం ప్రకటించింది. ఇటువంటి ఫిల్మ్‌లకు ప్రజాధనం ఇచ్చే ముందే, సీసాన్ని వెనక్కి తీసే పద్ధతిని ప్రయోగశాలలో నిరూపించి చూపాలని షరతు పెట్టాలి.