డాబా మీది చావుల విషయమై ఇత్తడి చెంబు గారికి బహిరంగ లేఖ

హనుమకొండ,
బతుకమ్మ పండుగ వెళ్లిన వారం.

మహారాజశ్రీ ఇత్తడి చెంబు గారి సముఖమునకు,

మా ఇంట్లో మీరు నాకంటే పెద్దవారు. నాయనమ్మ కాపురానికి వచ్చిననాడు పెంబర్తి ఇత్తడిగా ఆమె సామానులో వచ్చి, మూడు తరాల చేతుల్లో అరిగి, రెండుసార్లు సొట్టలు తీయించుకొని, నేటికీ తెల్లవారకముందే అందరికంటే ముందు లేచేది మీరే. అటువంటి మీ మీద ఫిర్యాదు రాయడానికి చేయి ఆడడం లేదు. అయినా ఈ మూడేళ్లలో డాబా మీద నేను పెంచే సక్యులెంట్లనే దళసరి ఆకుల మొక్కలకు జరిగిన చావుల లెక్క నా దగ్గర ఉన్నది. ఎచివేరియాలు పదకొండు, హవర్తియాలు నాలుగు, లితాప్స్ మూడు, డాంకీ టెయిల్ అని నర్సరీలో అమ్మే సెడమ్ ఒక వేలాడే తొట్టి నిండా. వీటిలో ఒక్కటి కూడా నీళ్లు లేక చావలేదు. అన్నీ మీ దయ ఎక్కువై చచ్చినవే.

మీ తరఫున చెప్పవలసిన మాట ముందే చెప్పుకుంటాను. ఇంటికి ఎవరు వచ్చినా, పని మీద వచ్చినా పగతో వచ్చినా, మొదట చెంబెడు నీళ్లు ఇచ్చి ఆ తర్వాతే సంగతి అడగడం మన దిక్కు మర్యాద. మొక్క కనబడితే నీళ్లు పోయడం కూడా ఆ మర్యాదలోనిదే. "పాపం, దూపైతున్నదేమో, ఆకులు ఎట్ల ముడుసుకున్నయో చూడరాదు?" అని అమ్మ అన్నదంటే, ఆ మాటకు ఎదురు చెప్పగల శాస్త్రం ఏ విశ్వవిద్యాలయంలోనూ లేదు. నేను పుస్తకం తెరిచేలోపు మీరు మెట్లు ఎక్కేసి ఉంటారు.

మనం చెరువులతో బతికినవాళ్లం కనుక మీకు చెరువు భాషలోనే చెబుతాను. 1213లో రేచర్ల రుద్రుడు రామప్ప గుడిని నిలబెట్టిన చోట, ఆ గుడి పక్కనే చెరువు కూడా వెలసిన నేల ఇది. ఒక చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరేటట్లు గొలుసు కట్టిన పెద్దల వారసులం. సక్యులెంట్ అంటే తన ఒంట్లోనే చెరువు తవ్వుకున్న మొక్క. ఎచివేరియాకూ, కలబందకూ ఆ చెరువు ఆకులో ఉంటుంది. నాగజెముడుకు కాండంలో ఉంటుంది; మనం దాని ఆకులనుకునే పలకలే దాని కాండం, అసలు ఆకుల స్థానంలో మిగిలినవి ముళ్లు. అడీనియానికైతే మొదలు దగ్గర కుండలాగా ఉబ్బిన బోదెలో ఉంటుంది. వానలు ఎప్పుడు పడతాయో తెలియని దేశాల్లో, పడిన నాడు నింపుకొని నెలల తరబడి పొదుపుగా తూము తిప్పుకునే జీవులవి. నిండిన చెరువుకు రోజూ వరద వస్తే ఏమవుతుందో వరంగల్లు ఇంటి చెంబుకు నేను చెప్పాలా? కట్ట తెగుతుంది. ఆకు పసుపుపచ్చగా, నూనె కాగితంలాగా మారి, వేలు తగిలితే చాలు జారి పడిపోవడమే ఆ గండి.

నిజమైన ఘోరం పైకి కనబడదు. వేరుకు నీళ్లే కాదు, గాలి కూడా కావాలి. మట్టి రేణువుల నడుమ సందులన్నీ రాత్రింబగళ్లు నీళ్లతో నిండి ఉంటే వేరు ఊపిరాడక చస్తుంది, చచ్చిన వేరు మీద బూజు సంసారం పెడుతుంది. వేరు చచ్చిన మొక్క కింద ఎన్ని నీళ్లున్నా పైకి తాగలేదు కనుక ఆకు ముడతలు పడుతుంది. ఆ ముడతలు చూసి అమ్మకు జాలి కలుగుతుంది, జాలి కలిగితే మీకు పిలుపు వస్తుంది, మీరు వచ్చి మునిగిన దాని నెత్తిన మరో చెంబెడు పోస్తారు. రోగానికీ మందుకూ ఒకే పేరున్న వైద్యం ప్రపంచంలో ఇదొక్కటే అనుకుంటాను. నిజంగా దూపైన మొక్క వేరే విధంగా ఉంటుంది. ముందుగా కింది వరుస ఆకులు పలుచబడి ముడతలు పడతాయి, వాటిని నొక్కితే మెత్తగా వంగుతాయే గాని చిదిమిన పండులాగా నీరు కారవు. అటువంటి మొక్కకు నిండా ఒకసారి నీళ్లు పోస్తే రెండు మూడు రోజుల్లో ఒళ్లు చేస్తుంది. ఈ తేడా తెలుసుకోవడానికి ఒక ఊదుబత్తి పుల్ల చాలు; తొట్టి అడుగు దాకా గుచ్చి తీస్తే తడి మట్టి అంటుకొని వచ్చినదా, పొడిగా వచ్చినదా చూడవచ్చు. దేవుడి గదిలో ఆ పుల్లలు రోజూ మిగులుతూనే ఉన్నాయి. మీరేమో వాటి పక్కనే కూర్చొని కూడా ఒక్కనాడైనా అడిగిన పాపాన పోలేదు.

మీ వేళ గురించి కూడా ఒక మాట. మీరు తెల్లవారుజామున వస్తారు. వీటి ముఖ్యమైన పని అప్పటికే అయిపోయి ఉంటుంది. మిగతా మొక్కలు పగలు పత్రరంధ్రాలు తెరిచి గాలిలోని కార్బన్ డయాక్సైడును తీసుకుంటే, ఇవి పగటి ఎండలో తలుపులు తెరిస్తే ఒంట్లోని తడి ఆరిపోతుందని రాత్రి తెరుస్తాయి. రాత్రి తీసుకున్నదాన్ని మాలిక్ ఆమ్లంగా దాచుకొని, పగలు తలుపులు మూసి, ఎండ వెలుగులో దానితో వంట చేసుకుంటాయి. ఈ గుట్టును నాలుకతో పట్టుకున్నవారిలో ఒకరు మన తెలుగు నేల మీద పనిచేసినవారే. సామర్లకోట తోట బాధ్యతలు చూసిన బెంజమిన్ హైన్ అనే వృక్షశాస్త్రవేత్త రణపాల ఆకును పొద్దున నమిలితే పుల్లగా ఉన్నదనీ, మధ్యాహ్నానికి ఆ పులుపు పోయిందనీ గమనించి రాసిన సంగతి 1815లో లండన్ లినియన్ సొసైటీ వారి సంపుటిలో అచ్చయింది. రణపాల, జేడ్, ఎచివేరియా, సెడమ్ అన్నీ ఒకే క్రాసులేసీ కుటుంబంవి కనుక ఆ జీవక్రియకు ఆ కుటుంబం పేరే పడింది. మెట్ల దగ్గర స్నేక్ ప్లాంటు పెట్టి, అది రాత్రంతా ఆక్సిజన్ ఇస్తుందని చుట్టాలకు చెప్పే మా బావగారికి కూడా ఈ పేరా అంకితం. రాత్రి అది తీసుకునేది కార్బన్ డయాక్సైడు. ఆక్సిజన్ వదలాలంటే దానికి కూడా వెలుగు కావలసిందే.

రాత్రి పని చేసేవాళ్లకు చల్లని రాత్రులు కావాలి. ఎచివేరియాలు ఎక్కువగా మెక్సికో కొండల మొక్కలు; మొక్కల బొమ్మలు గీసిన అటనాసియో ఎచెవెరియా అనే అక్కడి చిత్రకారుడి పేరు వాటికి పెట్టారు. అటువంటి సుకుమారిని తెచ్చి, మే నెలలో పగలు 44, 45 డిగ్రీలు దాటి, రాత్రి కూడా గోడలు సెగలు కక్కే మన డాబా మీద నిలబెట్టడం మొదటి తప్పు, అది నాది. ఒప్పుకుంటాను. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో అది పెరగడం మానేసి కళ్లు మూసుకొని కూర్చుంటుంది. పనిలో లేని వేరుకు అప్పుడు దండిగా నీళ్లు పోయడం రెండో తప్పు, అది మీది. మృగశిర మొదలు బతుకమ్మ దాకా గాలిలోనే చెమ్మ ఉంటుంది, పై నుంచి వాన ఎలాగూ పడుతుంది. ఆ నాలుగు నెలల్లో ఈ మొక్కలకు రేకు గాని, పాలిథిన్ గాని అడ్డు పెట్టవలసిన మాట అటుంచి, వాన వెలిసిన పూట వాన సరిపోలేదేమోనని మీరు మళ్లీ బయలుదేరడం నేను కళ్లారా చూశాను. బతుకమ్మ వెళ్లిన తర్వాత, చలి శివశివా అంటూ వెళ్లిపోయే శివరాత్రి వరకే మన ఊళ్లో వీటికి నిజమైన పెరుగుదల కాలం. మొక్క మార్చాలన్నా, ఆకు తుంచి కొత్త మొక్క చేసుకోవాలన్నా అప్పుడే. ఆ తుంచిన ఆకును కూడా నాలుగైదు రోజులు నీడలో ఆరనిచ్చి, గాయం ఎండిన తర్వాతే మట్టి మీద పెట్టాలి. కిందటి కార్తీకంలో నేను పళ్లెంలో ఆరబెట్టిన ఇరవై ఆకులను వడలిపోయాయనుకొని మీరు తడిపిన సంగతి మీకు గుర్తుండకపోవచ్చు.

అందరూ ఒకే మాదిరి వారు కారు. అడీనియానికి మన ఎండ అంటే ప్రాణం. నెత్తి మీద ఎండ ఎంత ఉంటే అంత పూస్తుంది, చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోయినప్పుడు మాత్రం దాని జోలికి పోకూడదు. హవర్తియా దక్షిణాఫ్రికాలో పొదల నీడన, రాళ్ల సందుల్లో పెరిగేది. దానికి నేరుగా ఎండ తగిలితే ఎర్రబడి ముడుచుకుపోతుంది, అందుకే మెట్ల కింద పెట్టాను, అందుకే మీకు చేతికందింది. జేడ్ మొండిది, మీ చేతిలో మూడేళ్లు నిలిచిన వీరుడు అదొక్కటే. లితాప్స్ సంగతి తలచుకుంటేనే దుఃఖం వస్తుంది. 1811లో బర్చెల్ అనే యాత్రికుడు దక్షిణాఫ్రికాలో వింత గులకరాయి అనుకొని చేతికి తీసుకుంటే అది మొక్క అని తేలిందట. అంతగా రాళ్లలో రాయిగా కలిసిపోయేది. దానికి ఉండేదే ఒక జత ఆకులు. ఏటా లోపలి నుంచి కొత్త జత పుట్టి, పాత జతలోని నీళ్లనే తాగి పెరుగుతుంది, పాతది పొరలాగా ఎండిపోతుంది. ఆ సమయంలో ఒక్క చుక్క కూడా పోయకూడదు. తల్లి పాలు తాగే పసిబిడ్డ నోట్లో మీరు చెంబెడు నీళ్లు పోశారు. మూడూ రెండు రోజుల తేడాతో పగిలిపోయాయి.

మీకు తోడుదొంగలు లేరని కూడా అనను. గృహప్రవేశానికి వెళ్తే తిరుగు కానుకగా ఇచ్చే పింగాణీ కప్పు ఉన్నది చూశారా, అడుగున చిల్లు లేకుండా, పైన రంగు రాళ్లను జిగురుతో అతికించి, నడుమ ఒక ఎచివేరియాను కూర్చోబెట్టినది, అది తూమూ మత్తడీ రెండూ లేని చెరువు. అటువంటిది కట్టిన వాడిని కాకతీయుల కాలంలో ఏం చేసేవారో గాని, ఇప్పుడు ఫోటో తీసి పంపిస్తున్నారు. రెండో దొంగ మట్టి. ఏనుమాముల మార్కెట్టుకు పత్తిని పంపే నల్లరేగడి బంగారమే, కాదనను. కాని తడిస్తే వదలదు, ఎండితే పగుళ్లిచ్చి సన్నవేళ్లను తెంపుతుంది. వీటికి కావలసినది ఒక పాలు చల్క మన్ను, రెండు పాళ్లు దుమ్ము జల్లించిన దొడ్డు ఇసుకా చిన్న ఇటుక ముక్కలూ, గుప్పెడు బాగా మాగిన ఎరువు. పోసిన నీళ్లు కంటి ముందే అడుగు నుంచి కారిపోవాలి. తొట్టి మట్టిదైతే దాని గోడలు కూడా తడిని పీల్చి ఆరబెడతాయి. పోసిననాడు నిండుగా పోయాలి, మళ్లీ పూర్తిగా ఆరేదాకా ముట్టుకోకూడదు. రోజుకు రెండు గుక్కల చొప్పున పోసే మీ పద్ధతిలో పైమట్టి ఎప్పుడూ తడిగా ఉంటుంది, అడుగు వేరుకు ఏమీ అందదు, అందినా ఆరదు.

మొన్నటి మేడారం జాతరకు వెళ్లినప్పుడు, మీరు ఇంట్లోనే ఉంటారు కదా, నాలుగు రోజులు నా మొక్కలు బతుకుతాయని లోపల సంతోషించాను. తిరిగి వచ్చేసరికి డాబా మెట్లు తడిగా ఉన్నాయి. అమ్మ తాళంచెవి ఎదురింటి పెద్దమ్మకు ఇచ్చిందట, మిమ్మల్ని కూడా ఇచ్చిందట. పెద్దమ్మ పూటకు ఒకసారి కాదు, "మీరు లేరని చిన్నబోయినట్టున్నయి" అని రెండుసార్లు పోసింది. మేము తెచ్చిన బెల్లం ప్రసాదం ఆమె చేతిలో పెడుతూ నేను నవ్విన నవ్వు నా జీవితంలో నేను చేసిన అతి కష్టమైన పనుల్లో ఒకటి.

మీ ఉద్యోగం తీయించాలన్నది నా ఉద్దేశం కాదు. తులసికోట మీది, మందార మీది, మల్లెపందిరి, కరివేపాకు అన్నీ మీవే; వేసవిలో రెండు పూటలా వెళ్లండి. దక్షిణపు గోడ వెంట ఆకుపచ్చ నీడవల కింద ఉన్న తొట్లకు మాత్రం సెలవు ఇప్పించండి. ఒక దశలో మీ అడుగున చిల్లు వేయించి జేడ్ మొక్కను మీలోనే నాటుదామని కూడా ఆలోచించాను. నాయనమ్మ గుర్తుకు వచ్చి ఆగానని రాస్తే గొప్పగా ఉండేది గాని, ఇత్తడి మన ఎండకు కాగి వేళ్లను ఉడకబెడుతుందని ఆగాను.

చివరగా మీకు అనుకూలంగా ఒక సాక్ష్యం కూడా దొరికింది, దాచను. భాద్రపదంలో చచ్చిన పెద్ద ఎచివేరియా తొట్టిలో, ఎవరూ నాటకుండానే గంగవాయిలి కూర మొలిచింది. ఎర్రటి కాడ, దళసరి ఆకు; అది కూడా సక్యులెంటే, మనం పప్పులో వేసుకుంటాము కనుక ఆ పేరుతో పిలవము. మీ రోజువారీ చెంబెడు నీళ్లకు అది తొట్టి దాటి పాకింది. నిన్న పొద్దున్నే అమ్మ కోసి పప్పు చేసింది. గంగవాయిలి నీళ్లు కరువైనప్పుడు మాత్రమే రణపాల పద్ధతికి మారి, రాత్రంతా ఆమ్లం దాచుకొని, తెల్లవారేసరికి బాగా పులుపెక్కుతుంది. మీ పుణ్యమా అని దానికి ఆ కరువు ఒక్కనాడు కూడా రాలేదు. పప్పు చప్పగా ఉన్నదని అమ్మ ఇంకొంచెం చింతపండు పిసికి పోసింది, నీళ్లు మీతోనే ముంచి.

ఇట్లు,
దక్షిణపు గోడ తొట్ల తరఫున,
మీ ఇంటి మనిషి.